థాయ్ స్నేహితురాలి ఇంటికి కార్తీకంలో వెళ్లొచ్చా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. యూనివర్సిటీలో ఎంఏ చదివేటప్పుడు హాస్టల్లో నా రూమ్మేట్ థాయ్‌లాండ్ అమ్మాయి. రెండేళ్లు ఒకే గదిలో ఉన్నాం. దసరా సెలవులకు పోచంపల్లిలో మా ఇంటికి వచ్చి మా అమ్మ చేతి వంట తిని వెళ్లింది. ఇప్పుడు నన్ను వాళ్లింటికి రమ్మని పట్టుబడుతోంది. వాళ్లది ఖోన్‌కేన్ దగ్గర పల్లె. అమ్మానాన్న, అమ్మమ్మ, తమ్ముడు ఉంటారు. వాళ్లమ్మ కూడా మాలాగే మగ్గం నేస్తుందట. నాకు నవంబర్‌లో పది రోజులు సెలవు దొరుకుతుంది. నీళ్లలో దీపాలు వదిలే లోయ్ క్రథోంగ్ పండగ చూపిస్తానంటోంది. కానీ అది కార్తీకమాసం. ఆ నెలంతా మేం నీచు ముట్టం, నేనైతే ఉల్లి, వెల్లుల్లి కూడా మానేస్తాను. అక్కడ ప్రతి కూరలోనూ చేపల నీళ్లు పోస్తారని విన్నాను. తిననంటే వాళ్లమ్మ నొచ్చుకుంటుందేమో. హోటల్లో దిగుతానంటే నా ఫ్రెండ్ బాధపడుతుంది. ఇంట్లో ఉంటే డబ్బులివ్వాలా? పది రోజులు ఉండొచ్చా? పైగా మయన్మార్‌లో మనవాళ్లు చిక్కుకున్న వార్తలు చూసినప్పటి నుంచి మా అమ్మకు ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

(పేరు వద్దన్న పాఠకురాలు, యాదాద్రి భువనగిరి జిల్లా)

జవాబు: వెళ్లండి. ఆ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. కాకపోతే పది రోజులూ వాళ్లింట్లోనే ఉండకండి. తిండి సంగతి మాత్రం టికెట్ కొనకముందే తేల్చుకోండి.

ముందుగా ఒక పని చేయండి. మీ స్నేహితురాలికి ఫోన్ చేసి, పోచంపల్లిలో మీ ఇంట్లో ఉన్న ఆ నాలుగు రోజులు తనకు ఏం ఇబ్బంది అనిపించిందో అడగండి. మీరు ఇంతవరకూ అడిగి ఉండరు, తను చెప్పి ఉండదు. మీ అమ్మ "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ వడ్డిస్తుంటే కాదనలేక తిన్నదేమో, చేత్తో పప్పన్నం కలుపుకోవడం రాక అవస్థ పడిందేమో. థాయ్ వాళ్లకు మొహమాటం మనకంటే ఒక పాలు ఎక్కువే. ఎదుటివాళ్లకు కష్టం కలిగిస్తామని నోరు మెదపరు. మీరూ అదే బాపతు అని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. ఇద్దరు మొహమాటస్తులు ఒక ఇంట్లో చేరితే ఎవరికీ ఏదీ తెలియదు. అందుకే మాట్లాడుకోవాల్సినవన్నీ బయల్దేరక ముందే, ఫోన్‌లో, మీ మధ్యవర్తి అయిన ఆ అమ్మాయి ద్వారా మాట్లాడేసుకోవాలి. తను మీ కష్టం చెప్పగలదు, వాళ్లమ్మ మనసూ చెప్పగలదు. ఇద్దరి ఇళ్లూ చూసిన మనిషి తనొక్కతే.

ఇక భోజనం. మీరు విన్నది నిజమే. ఖోన్‌కేన్ ఉన్నది ఈసాన్ అనే ఈశాన్య ప్రాంతంలో. అక్కడి వంటకు ప్రాణం ప్లా రా. మంచినీటి చేపల్ని ఉప్పు, వేయించిన బియ్యప్పిండి లేదా తవుడు కలిపి నెలల తరబడి జాడీలో ఊరబెడతారు. ఆ ఊట బొప్పాయి సలాడ్‌లో పడుతుంది, చారులో పడుతుంది, నంజుకునే పచ్చట్లో పడుతుంది. దానికి తోడు నామ్ ప్లా అనే చేప సాస్, కపి అనే రొయ్యల ముద్ద, ఎండు రొయ్యలు. ఇవన్నీ కంటికి కనిపించేవి. కనిపించనిది ఇంకొకటుంది. చాలా ఇళ్లల్లో కూరగాయల వేపుడులో కూడా ఒక చెంచా సూప్ పొడి వేస్తారు, అందులో పంది మాంసం రుచి ఉంటుంది. నూడుల్స్‌లో మాంసం వద్దంటే ముక్కలు తీసేస్తారు, పంది ఎముకలు మరిగించిన నీళ్లు మాత్రం అవే. వాళ్ల లెక్కలో అది మాంసం వేయనట్టే, మోసమేమీ లేదు. కాబట్టి "నేను వెజిటేరియన్" అనే ఒక్క మాట మీద ఆధారపడితే మీరు మోసపోకపోయినా నీచు తినేస్తారు.

ఇక్కడే కార్తీకం మీకు కలిసొస్తుంది. థాయ్‌లాండ్‌లో 'కిన్ జే' అనే ఆచారం ఉంది. చైనా సంతతి వాళ్ల నుంచి వచ్చింది, ఇప్పుడు దేశమంతా తెలుసు. ఏటా సెప్టెంబర్ - అక్టోబర్‌లలో తొమ్మిది రోజులు జే పాటిస్తారు. మాంసం, చేపలు, గుడ్లు, పాలు ఉండవు. ఉల్లి, వెల్లుల్లి కూడా నిషిద్ధమే. ఆ రోజుల్లో పసుపు జెండాల మీద ఎర్ర అక్షరాలతో అంగళ్లన్నీ నిండిపోతాయి. అంటే మీరు కార్తీకంలో మానేసేవాటిని దాదాపు పూర్తిగా ఒక్క మాటలో వాళ్లకు చెప్పొచ్చు. పాలు, పెరుగు ఒక్కటే మీకు అదనంగా పోతుంది. ఈసాన్ పల్లె భోజనంలో ఎలాగూ పెరుగన్నం ఉండదు, ఆ దిగులు ముందే పడేయండి.

ఇంకో లాభం చెప్తాను. "చేప వాసన నాకు పడదు" అంటే వాళ్లమ్మ నొచ్చుకునే మాట నిజమే, ఎవరైనా నొచ్చుకుంటారు. "ఈ నెల నాకు వ్రతం, పౌర్ణమి నాడు దీపాలు వదులుతాం" అంటే బౌద్ధ కుటుంబంలో ఎవరూ నొచ్చుకోరు, గౌరవంగా చూస్తారు. అబద్ధం కూడా కాదు కదా. మామూలు నెలల్లో మీరు కోడి తింటారన్న సంగతి మీ ఫ్రెండ్‌కు ఎలాగూ తెలుసు. తనే వాళ్లమ్మకు వివరించి చెప్తుంది. కాబట్టి కొందరు మీకు చెప్పబోయే "కార్తీకం అయ్యాక వెళ్లు" అనే సలహాను నేను ఇవ్వడం లేదు. కార్తీకంలో వెళ్తేనే మీకు చెప్పుకోవడానికి సులువైన కారణం ఉంటుంది.

అయితే 'జే' అన్నంత మాత్రాన ఆ తల్లికి వంట తట్టాలి కదా. పొద్దున్నే లేచి మీకోసం వేరే వంట చేసే పని ఆవిడ నెత్తిన పెట్టకుండా, వాళ్లింట్లో రోజూ ఉండేవాటిలోనే మీరు తినగలిగేవి చెప్పండి. అవి తక్కువేం కాదు. అన్నిటికంటే ముందు జిగురన్నం, ఖావ్ నియావ్. ఈసాన్‌లో ప్రతిరోజూ తినేది అదే. రాత్రి నానబెట్టిన బియ్యాన్ని తెల్లవారుజామున గరాటులాంటి వెదురు బుట్టలో పోసి, నీళ్లు మరిగే కుండ మూతి మీద నిలబెడతారు. ఆవిరికి ఉడికి, ఒక్కో గింజ మెరుస్తూ ముద్దగా దిగుతుంది. దాన్ని చెక్క గరిటెతో తిరగేసి ఆవిరి పోగొట్టి, మూత ఉన్న చిన్న వెదురు బుట్టల్లోకి సర్దుతారు. తినేటప్పుడు కుడిచేత్తో చిటికెడు తీసుకుని, వేళ్ల మధ్య ఉండ చేసి, పచ్చట్లో అద్దుకుని నోట్లో వేసుకోవడమే. అంటుకోదు, కంచం అక్కర్లేదు. తీసుకున్నాక బుట్టకు మూత పెట్టేయాలి, లేకపోతే అన్నం ఎండి గట్టిపడుతుంది. చేత్తో తినడం వచ్చిన మీకు ఇది ఒక్క పూటలో అలవాటవుతుంది, ఆ ఇంట్లో మీకు మొదటి మార్కులు పడేది కూడా ఇక్కడే.

దాంతో ఏం తినాలంటే, ఉడికించిన, పచ్చి కూరగాయలు వాళ్ల కంచాల పక్కన ఎప్పుడూ ఉంటాయి. మన తూటికూర వాళ్లకు నిత్యం. కాల్చిన టమాట, పండు మిరప నూరి చింతపండు, ఉప్పు వేస్తే మంచి పచ్చడి. ప్లా రా పోయకముందు ఒక గిన్నె మీకు పక్కకు తీస్తే చాలు. పచ్చి బొప్పాయి సలాడ్ కూడా అంతే. ఎండు రొయ్యలు, చేప సాస్, వెల్లుల్లి లేకుండా ఉప్పు, నిమ్మరసం, తాటిబెల్లం, వేరుశనగలు, మిరపకాయలు వేసి దంచమనండి. కానీ మీరు గమనించాల్సింది రోలు. అంతకుముందు ప్లా రా దంచిన రోలును వాళ్లు కడిగినా వాసన వదలదు. మీకు అంత పట్టింపు ఉంటే ముందే చెప్పి, ఫ్రెండ్‌తో కలిసి మీ వాటా మీరే ఒక గిన్నెలో కలుపుకోండి. వంటింట్లో సాయం చేసినట్టూ ఉంటుంది. పుట్టగొడుగులు, టోఫు, గుమ్మడికాయ వేపుడికి జే గుర్తున్న సోయా సాస్ వాడొచ్చు. ఖోన్‌కేన్ పట్నంలో సూపర్‌మార్కెట్లో దొరుకుతుంది, దిగిన రోజే ఒక సీసా కొని తీసుకెళ్లండి. అరటిపండు పెట్టి ఆకులో చుట్టి ఉడికించే జిగురన్నం పొట్లాలు, వెదురు బొంగులో కొబ్బరిపాలు పోసి కాల్చే ఖావ్ లామ్ సంతల్లో దొరుకుతాయి. ఆకలేస్తే వాటితో పూట గడిచిపోతుంది.

ఇంటి నుంచి కందిపొడి, నిమ్మకాయ పచ్చడి తీసుకెళ్తారని నాకు తెలుసు, వద్దన్నా తీసుకెళ్తారు. తీసుకెళ్లండి, కానీ వెల్లుల్లి లేకుండా చేయించుకోండి, మూత గట్టిగా సీల్ చేయించండి. తాజా పళ్లు, కూరగాయలు మాత్రం పెట్టుకోకండి, విమానాశ్రయంలో గొడవ. ఆ పొడి డబ్బా మీ గదిలో దాచుకుని ఒంటరిగా తింటే వాళ్లకు చిన్నతనంగా ఉంటుంది. నేరుగా చాప మధ్యలో పెట్టేయండి. ఈసాన్ వాళ్లు కారంలో మనకేమీ తీసిపోరు. జిగురన్నం ఉండ కందిపొడిలో అద్దుకుని తినడం వాళ్ల అమ్మమ్మకు నచ్చితే, మీరు వచ్చేసరికి డబ్బా ఖాళీ.

భోజనం చాప మీద, అందరి మధ్యా గిన్నెలు పెట్టుకుని సాగుతుంది. మన ఇళ్లల్లోలా ఒకేసారి కంచం నింపుకోకూడదు. ఒక్కో గిన్నెలోంచి ఒకటి రెండు చెంచాలు, తిన్నాక మళ్లీ. మామూలు అన్నం పెడితే కుడిచేతిలో చెంచా, ఎడమచేతిలో ఫోర్కు. ఫోర్కుతో చెంచాలోకి తోసుకోవాలి. చాప్‌స్టిక్స్ నూడుల్స్‌కే. ఎవరో ఒకరు "కిన్ ఖావ్ రూ యాంగ్" అంటూ పలకరిస్తూనే ఉంటారు, అన్నం తిన్నావా అని. మనూళ్లో "తిన్నవా బిడ్డా" అన్నట్టే. అలా అడిగిన ప్రతిసారీ భోజనం పెడతారనుకోకండి.

ఇంట్లో మెలగడం మీకు చాలావరకు తెలిసిందే. గుమ్మం దగ్గర చెప్పులు విప్పడం, గడప తొక్కకపోవడం, కూర్చున్న పెద్దల పక్కనుంచి వెళ్తే కాస్త వంగి వెళ్లడం, మనిషినీ అన్నం గిన్నెనూ దాటకపోవడం మన అమ్మమ్మలూ నేర్పినవే. తేడా వచ్చేచోట్లు కొన్ని ఉన్నాయి, అక్కడే మన అలవాటు మనల్ని పట్టిస్తుంది. పెద్దావిడ కనిపించగానే వంగి కాళ్లకు దణ్ణం పెట్టకండి, ఆవిడ కంగారు పడుతుంది. చేతులు జోడించి, వేళ్ల కొసలు ముక్కు దాకా వచ్చేలా తల వంచి "సవాత్ దీ ఖా" అంటే చాలు. చిన్నపిల్లలు ముందు మీకే దణ్ణం పెడతారు, మీరు నవ్వి తలూపండి. ముద్దొచ్చి పిల్లల తల నిమరడం మనకు ఆశీర్వాదం, అక్కడ తల పవిత్రం, తాకరాదు. పాదాలు మనుషుల వైపు, బుద్ధ విగ్రహం వైపు చాపకూడదు. చాప మీద రెండు కాళ్లూ ఒక పక్కకు మడిచి కూర్చోవాలి. మొదటి పూట తిమ్మిరెక్కుతుంది. వాళ్లమ్మను 'మే' అని, నాన్నను 'ఫో' అని పిలవండి, పేరు పెట్టి పిలవొద్దు.

స్నానం రోజుకు రెండుసార్లు. రాత్రి పడుకోబోయే ముందు స్నానం చేయకపోతే వాళ్లు మొహం మీద అనరు గానీ వింతగా చూస్తారు. పల్లె బాత్రూముల్లో పెద్ద తొట్టి, ఒక గిన్నె ఉండొచ్చు, షవర్ ఉండకపోవచ్చు. మీకది కొత్తేం కాదు. టాయిలెట్‌లో నీటి పైపు ఉంటుంది కాబట్టి అమెరికా వెళ్లినవాళ్ల బాధ మీకుండదు. లోదుస్తులు విడిగా ఉతుక్కుని, అందరూ నడిచే చోట తలపైకి వచ్చేలా కాకుండా ఒక మూల కిందుగా ఆరేసుకోండి. గది మీ ఫ్రెండ్‌తో పంచుకోవాల్సి రావచ్చు, అదే మీకు మంచిది కూడా. దోమతెర ఉందో లేదో అడగండి, డెంగీ ఉన్న దేశం. తమ్ముడి బైకు మీద తిరగాల్సొస్తే హెల్మెట్ లేకుండా ఎక్కొద్దు. ఎదురింటాయన ముచ్చటపడి పోసిన మందు వద్దనడానికి కూడా మీకు కార్తీకమే అక్కరకొస్తుంది.

రాజకుటుంబం గురించి ఒక్క మాట. సరదాకైనా వ్యాఖ్య చేయకండి, ఎవరైనా ఎత్తినా నవ్వి ఊరుకోండి. అక్కడి శిక్షాస్మృతి 112వ సెక్షన్ కింద ఒక్కో నేరానికి 3 నుంచి 15 ఏళ్ల జైలు. బాత్ నోటు మీద రాజు బొమ్మ ఉంటుంది, గాలికి ఎగిరితే కాలితో తొక్కి ఆపకండి.

బౌద్ధ భిక్షువులు తెల్లవారుజామున చెప్పుల్లేకుండా భిక్షకు వస్తారు. వాళ్లమ్మ గేటు దగ్గర కూర్చుని భిక్షాపాత్రలో వేడి జిగురన్నం వేస్తుంటే మీరూ పక్కన కూర్చోండి. చెప్పులు విప్పాలి, భుజాలు కప్పుకోవాలి. ఆడవాళ్లు భిక్షువును తాకకూడదు. అన్నమైతే పాత్రలో జారవిడవడమే. ఇంకేదైనా ఇవ్వాలంటే ఆయన గుడ్డ పరుస్తారు, దాని మీద పెట్టాలి.

మీరొచ్చారని వాళ్లింట్లో బాయ్ సీ సూ ఖ్వాన్ చేసే అవకాశం ఉంది. ఈసాన్‌లో ఇంటికొచ్చిన అతిథికి, పెళ్లివాళ్లకు, దూరం వెళ్లేవాళ్లకు చేసే ఆశీర్వాదం. అరటి ఆకులు మడిచి గోపురంలా పేర్చి, పూలు గుచ్చి మధ్యలో పెడతారు. ఊరి పెద్ద ఒకాయన మంత్రాలు చదువుతాడు. తర్వాత ఒక్కొక్కరూ వచ్చి మీ మణికట్టుకు తెల్ల నూలుపోగు కట్టి, దీవించి వెళ్తారు. తోరాలు కట్టించుకున్న మీకు ఏం చేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక చెయ్యి చాపి, ఇంకో చేతిని నమస్కారంలా పైకెత్తి ఉంచండి. ఆ పోగుల్ని కనీసం మూడు రోజులు తెంపకూడదు. ఒక విషయం ముందే తెలుసుకోండి, అరచేతిలో ఉడికించిన గుడ్డు పెడతారు. పట్టుకోండి, వదిలేయకండి. తర్వాత మీ ఫ్రెండ్‌కు ఇచ్చేయొచ్చు.

డబ్బు దగ్గరకొద్దాం. అద్దె ఇచ్చినట్టు వాళ్లమ్మ చేతిలో నోట్లు పెట్టకండి. మీ ఫ్రెండ్ మీ ఇంట్లో ఉన్నందుకు డబ్బులిస్తానంటే మీ అమ్మ ఏమనేదో మీకు తెలుసు. అలాగని ఉత్త చేతుల్తో కూర్చోవడం కూడా తప్పే. సంతకు వెళ్లినప్పుడు కూరగాయలు, పళ్లు మీరు కొనండి. ఒక రోజు ఇంటిల్లిపాదినీ పట్నంలో భోజనానికి తీసుకెళ్లి బిల్లు మీరే కట్టండి. మీ ఫ్రెండ్‌ను పక్కకు తీసుకెళ్లి "మీ ఊరి గుడికి మీ ఇంటి పేరు మీద కొంత ఇవ్వాలనుంది" అంటే కాదనరు, పుణ్యం కాబట్టి సంతోషిస్తారు. పల్లెలో చిన్న దుకాణాల్లో వాళ్లు ఫోన్‌తో కడతారు, మన యాప్‌లు అక్కడ పనిచేస్తాయన్న నమ్మకంతో వెళ్లొద్దు. బాత్‌లు నగదుగా దగ్గర పెట్టుకోండి.

కానుక విషయంలో మీ అంత అదృష్టవంతులు ఎవరూ ఉండరు. ఖోన్‌కేన్ జిల్లాలోనే చొన్నబోట్ ఉంది, మట్‌మీ పట్టుకు పేరున్న ఊరు. మట్‌మీ అంటే ఇక్కత్తే. నేయకముందే పోగుల్ని కట్లు కట్టి రంగులో ముంచి, కట్లు విప్పి మళ్లీ ముంచి, అప్పుడు మగ్గం ఎక్కిస్తారు. మీ ఇంట్లో ఆసు పోసి చిటికి కట్టినట్టే వాళ్లూ పేక (అడ్డపోగుల) నూలును ఒక చట్రానికి చుట్టి కడతారు. తేడా ఏమిటంటే మీరు పోచంపల్లిలో నిలువు పోగులు, పేక రెండూ కట్టి కూడా నేస్తారు, వాళ్లు ఎక్కువగా పేకకే కడతారు. పాతకాలపు ఈసాన్ ఇళ్లు స్తంభాల మీద ఉంటాయి, కింద నీడలో మగ్గం. మీ స్నేహితురాలి ఇల్లు కొత్త కాంక్రీటుదైనా మగ్గం ఎక్కడో ఒకచోట ఉంటుంది. కాబట్టి వాళ్లమ్మకు దుకాణంలో కొన్న చీర వద్దు. చిటికి కట్టి, సగం కట్లు విప్పిన పేక చిలపను (నూలు చుట్టను) ఒకటి తీసుకెళ్లండి, దాంతో నేసిన రెండు గజాల గుడ్డ ముక్క కూడా. భాష రాకపోయినా ఆవిడా మీరూ ఒక పూటంతా మాట్లాడుకోవచ్చు. ఆవిడ కట్టే తీరు, మీ ఇంట్లో కట్టే తీరు పక్కపక్కన పెట్టి చూడండి. వాళ్లు వాడే ముడి విప్పే పద్ధతి ఫోన్‌లో వీడియో తీసి మీ నాన్నకు పంపండి, అడిగి తీయండి. కానుక రెండు చేతులతో ఇవ్వాలి. మీ ఎదురుగా విప్పకుండా పక్కన పెట్టేస్తే నచ్చలేదని అనుకోవద్దు, వాళ్ల మర్యాద అది.

ఎన్ని రోజులంటే, నాలుగు రాత్రులు. నవంబర్ - డిసెంబర్‌లలో ఈసాన్‌లో వరి కోతలు. ఇంట్లో అందరికీ పనులుంటాయి. అతిథి ఉన్నన్నాళ్లూ ఆ తల్లి మీకోసం తిండి, నీళ్లు, వేళలు చూసుకుంటూనే ఉంటుంది, అలసిపోయినా చెప్పదు. మిగతా రోజులకు మీరే ముందుగా ప్లాన్ చెప్పేయండి, "ఫలానా తేదీన నేను బయల్దేరుతాను" అని. అప్పుడు వాళ్లకూ కాస్త ఊపిరి. పక్కనే ఉడోన్ థానీ జిల్లాలో బాన్ చియాంగ్ ఉంది, 1992లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన ప్రాచీన ఆవాస స్థలం. ఎర్ర గీతల కుండలు చూడాల్సినవి. డైనోసార్ ఎముకలు దొరికిన ఫూ వియాంగ్ ఖోన్‌కేన్‌లోనే. ఇంకా ఓపికుంటే లోయి జిల్లాలో మెకాంగ్ నది ఒడ్డున చియాంగ్ ఖాన్. బ్యాంకాక్‌కు చివర్లో ఒకటిన్నర రోజు మిగిలితే చాలు, నా దృష్టిలో ఎక్కువే.

తేదీలు కుదుర్చుకునేటప్పుడు పంచాంగం దగ్గర పెట్టుకోండి. లోయ్ క్రథోంగ్ సాధారణంగా మన కార్తీక పౌర్ణమి నాడే వస్తుంది. మనం అరటి దొప్పలో దీపం వదిలినట్టే వాళ్లు అరటి బోదె ముక్క చుట్టూ ఆకులు మడిచి గుచ్చి, పూలు, అగరొత్తులు, కొవ్వొత్తి పెట్టి నీళ్లలో వదులుతారు. మీ దీపం అక్కడే వదలండి, ఇంటి దగ్గర మానేశామన్న బెంగ ఉండదు. ఖోన్‌కేన్ పట్నంలో ఏటా నవంబర్ 29 నుంచి డిసెంబర్ 10 దాకా పట్టు ఉత్సవం జరుగుతుంది. దాంతోపాటే ఫూక్ సియావ్ అనే వేడుక, ఇద్దరు స్నేహితులు మణికట్టుకు నూలు కట్టుకుని జీవితాంతం తోడుంటామని ఒప్పుకోవడం. పౌర్ణమి నవంబర్ చివరి వారంలో పడిన ఏడాది మీ పది రోజుల్లో రెండూ ఇమిడిపోతాయి. అలా పడకపోతే నేనైతే పౌర్ణమికే ఓటేస్తాను.

మీ అమ్మగారి భయం కొట్టిపారేసేది కాదు. 2025 మార్చిలో థాయ్‌లాండ్ సరిహద్దు పట్టణం మే సోట్ నుంచి 500 మందికి పైగా భారతీయులను వైమానిక దళ విమానాల్లో వెనక్కి తెచ్చారు. వాళ్లలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. వాళ్లలో చాలామందిని ఉద్యోగం ఆశ చూపి, బ్యాంకాక్‌లో దింపి, అక్కడి నుంచి నది దాటించి మయన్మార్‌లో సైబర్ మోసాల కేంద్రాలకు అమ్మేశారు. ఏజెంటు, ఉద్యోగం, ఎవరో పంపే కారు, ఈ మూడూ అందులో ఉంటాయి. మీ ప్రయాణంలో ఈ మూడూ లేవు. రెండేళ్లు ఒకే గదిలో ఉన్న మనిషి, మీ ఇంట్లో తిన్న మనిషి పిలుస్తోంది. అయినా అమ్మకు వాదన కంటే వీడియో కాల్ ఎక్కువ పనిచేస్తుంది. మీ అమ్మ, వాళ్లమ్మ ఒకరినొకరు చూసుకోనివ్వండి. ఇద్దరూ మగ్గం మీద కూర్చుని మాట్లాడితే మరీ మంచిది. వాళ్ల ఇంటి చిరునామా, ఇద్దరి ఫోన్ నంబర్లు, మీ టికెట్ల కాపీలు ఇంట్లో ఉంచండి. రోజూ ఒక వేళ పెట్టుకుని ఫోన్ చేయండి. అక్కడి గడియారం మనకంటే గంటన్నర ముందుంటుంది, అది అమ్మకు చెప్పండి, లేకపోతే ఆవిడ పదింటికి చేసిన ఫోన్ అక్కడ పదకొండున్నరకు మోగుతుంది. టూరిస్టు పోలీసు నంబర్ 1155, అంబులెన్స్‌కు 1669. 2025లో కంబోడియాతో ఘర్షణలు జరిగింది సూరిన్, సిసాకేత్ లాంటి సరిహద్దు జిల్లాల్లో. ఖోన్‌కేన్ దానికి దూరం. బయల్దేరే వారం మన విదేశాంగ శాఖ సూచనలు ఒకసారి చూసుకుంటే సరిపోతుంది.

కాగితాల సంగతి. భారతీయులకు వీసా లేకుండా ఉండే గడువును 2024 జూలైలో 60 రోజులు చేశారు. ఈ నిబంధన మారుతూ ఉంటుంది కాబట్టి టికెట్ కొనే రోజున థాయ్ రాయబార కార్యాలయం సైట్‌లో చూడండి. 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి. దిగడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో నింపాలి, ఉచితం. డబ్బు అడిగే సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు. అందులో ఉండబోయే చిరునామా అడుగుతారు, మీ ఫ్రెండ్ ఇంటి చిరునామా ఇంగ్లిష్‌లో ముందే రాయించుకోండి. ఇంకొకటి, చాలామందికి తెలియనిది. విదేశీయులు ఇంట్లో దిగితే 24 గంటల్లో ఇమిగ్రేషన్‌కు తెలియజేయాల్సిన బాధ్యత ఇంటి యజమానిది. హోటళ్లయితే వాళ్లే పంపేస్తారు, పల్లెలో వాళ్ల నాన్నకు ఈ సంగతి తెలియకపోవచ్చు. ఆన్‌లైన్‌లో చేయొచ్చు, లేదా దగ్గర్లోని ఇమిగ్రేషన్ ఆఫీసులో, అది లేని చోట పోలీస్ స్టేషన్‌లో. చేయకపోతే జరిమానా పడేది వాళ్లకు. మీ పాస్‌పోర్టు కాపీ ముందే పంపి, ఫ్రెండ్‌నే చూసుకోమనండి.

ఇలా పిలిచే స్నేహితురాలు లేని పాఠకులు ఇది చదివి ఉసూరుమనక్కర్లేదు. చియాంగ్ మై దగ్గర కొండల్లో మే కంపోంగ్ అనే ఊళ్లో ఏళ్లుగా ఊరివాళ్లే ఇళ్లల్లో అతిథుల్ని ఉంచుకుంటున్నారు. తేయాకు, కాఫీ తోటల ఊరు. ఫాంగ్ న్గా తీరంలో కో యావ్ నోయ్ అనే ముస్లిం మత్స్యకారుల దీవిలోనూ హోమ్‌స్టేలు ఉన్నాయి, అక్కడ భోజనమంతా సముద్రమే, కార్తీకంలో వెళ్లే ఊరు కాదు. ఇలాంటిచోట్ల రేటు ముందే చెప్తారు, నిరభ్యంతరంగా కట్టేయాలి.

మీరు మాత్రం ఈ వారంలోనే ఫ్రెండ్‌కు ఫోన్ చేయండి. మొదట తన కష్టాలు అడగండి, తర్వాత 'జే' సంగతి, రోలు సంగతి, నాలుగు రాత్రుల సంగతి. వాళ్లమ్మకు తిరిగి చెప్పించి, ఆవిడ సరేనన్నాకే టికెట్ కొనండి. విమానంలో శాకాహారం కావాలని బుక్ చేసేటప్పుడే గుర్తు పెట్టండి.